ఇన్వోల్టిని దీ వితెల్లో: రోల్స్ విప్పుకోకుండా, మాంసం గట్టిపడకుండా చేయడం ఎలా?

#1 గరిటెరాజు
లోపల హ్యామ్, చీజ్ పెట్టి చుట్టే ఇటాలియన్ దూడ మాంసం వంటకం గురించి అడుగుతున్నాను. (తెలుగులో "చుట్టలు" అందామంటే లంక పొగాకు గుర్తొస్తోంది, అందుకే రోల్స్ అంటాను.) తీసుకున్న కొలతలు: 8 ముక్కలు, ఒక్కోటి 100 గ్రాములు, మందం 6 మి.మీ. ప్రొషూత్తో (ఇటాలియన్ హ్యామ్), మొజరెల్లా చీజ్, సేజ్ ఆకు పెట్టి చుట్టి, మైదా అద్ది, వెన్నలో వేయించి, వైట్ వైన్ పోసి మూతపెట్టి 25 నిమిషాలు. ఫలితం: మూడు రోల్స్ విప్పుకున్నాయి, చీజ్ అంతా పెనంలోకి కారింది, మాంసం నమలలేనంత గట్టిగా వచ్చింది, సాస్ ఉప్పుకషాయం. దేన్ని మార్చాలి?

#2 మిలానో_వంటిల్లు
అన్నీ మార్చాలి రాజుగారూ, కానీ ఒక్కోటీ చిన్న మార్పే. ముందు సరైన కొలతలు, నలుగురికి:

దూడ తొడ మాంసం (ఇటలీలో ఫేజా లేదా నోచె అని అడగాలి) 8 ముక్కలు, ఒక్కోటి 70 నుంచి 75 గ్రాములు. కొట్టాక దాదాపు 14 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 3 నుంచి 4 మి.మీ. మందం రావాలి. ప్రొషూత్తో క్రూదో 8 పలచని ముక్కలు, మొత్తం 120 గ్రాములకు మించకుండా. ఫొంతీనా లేదా స్కమోర్త్సా చీజ్ 100 గ్రాములు, చిటికెన వేలంత పుల్లలుగా కోసి. సేజ్ ఆకులు 8, పెనంలోకి ఇంకో 4. మైదా 2 చెంచాలు. వెన్న 30 గ్రాములు, ఆలివ్ నూనె 2 చెంచాలు. పులుపు తక్కువున్న డ్రై వైట్ వైన్ 120 మి.లీ. ఉప్పు వేయని స్టాక్ (ఎముకలు ఉడికించిన రసం) 150 మి.లీ. మిరియాల పొడి. ఉప్పు జాబితాలో లేదు, మరిచిపోయి కాదు.

ఉప్పు లెక్క ఇది. క్రూదోలో 100 గ్రాములకు సుమారు 4 నుంచి 6 గ్రాముల ఉప్పు ఉంటుంది. 120 గ్రాములు వాడితే అదే 5 నుంచి 7 గ్రాములు అయింది. 600 గ్రాముల మాంసానికి కావలసిందే అంత. పైన మళ్లీ ఉప్పు చల్లి, ఉప్పున్న స్టాక్ క్యూబ్ కలిపి, దాన్ని సగానికి ఇంకబెడితే కషాయం కాక ఏమవుతుంది?

పద్ధతి. ముక్కని రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి, పేపర్ లోపలివైపు నాలుగు చుక్కల నీళ్లు రాయండి, అప్పుడు మాంసం పేపర్‌కి అంటుకుని చిరగదు. మధ్య నుంచి అంచుల వైపు జారుస్తున్నట్టు కొట్టాలి, నిట్టనిలువునా దంచకూడదు. అంచున తెల్లటి పొర ఉంటే తీసేయండి, తీయడం రాకపోతే 2 సెం.మీ.కి ఒక గాటు పెట్టండి. ఆ పొర వేడికి ముడుచుకుని ముక్కని గిన్నెలా వంచేస్తుంది, రోల్ విప్పుకోవడం అక్కడే మొదలవుతుంది.

హ్యామ్ పరిచి, చీజ్‌ని ఒక చివర అడ్డంగా పెట్టి, చుట్టూ 1 సెం.మీ. అంచు వదలండి. పక్కలు లోపలికి మడిచి బిగుతుగా చుట్టాలి. ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి. వేయించే ముందే మైదా అద్ది దులపండి.

28 సెం.మీ. స్టీల్ పెనం, నూనె, సగం వెన్న. నురుగు తగ్గాక రోల్స్‌ని అతుకు కిందికి వచ్చేలా వేసి నిమిషంన్నర కదపకండి. తరువాత తిప్పుతూ మొత్తం 4 నిమిషాలు. సేజ్ వేసి, వైన్ పోసి, అడుగు గీరి, వైన్ సగమయ్యాక స్టాక్. సన్నటి మంట మీద మూత లేకుండా 4, 5 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు తిప్పుతూ. రోల్స్ తీసి పళ్లెంలో పెట్టి, సాస్ చిక్కబడ్డాక మంట ఆపి, మిగిలిన చల్లటి వెన్న వేసి పెనం ఊపండి. అంతే. వేయించడం మొదలుపెట్టినప్పటి నుంచి దింపేదాకా 12 నిమిషాలు దాటకూడదు.

#3 గరిటెరాజు
ధన్యవాదాలు. 12 నిమిషాలే అంటున్నారు, చాలా వంటకాల్లో "మెత్తబడేదాకా ఉడికించండి" అని గంట చెబుతారు. ఏది నిజం?

#4 పెనంమీదపని
రెండూ నిజమే, మాంసం వేరు. ఈ వంటకం మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తొడ ముక్కలో కొవ్వు లేదు, కండరాలను కలిపే బంధన కణజాలం తక్కువ. దాన్ని 63 డిగ్రీల దగ్గర ఆపితే రసంగా ఉంటుంది. 70 దాటాక పోగులు కుంచించుకుని లోపలి నీటిని పిండేస్తాయి. 25 నిమిషాలకు ఆ ముక్క 85, 90 డిగ్రీల్లో ఉంటుంది. నీరు పోయింది, మెత్తబరిచే జిలాటిన్ మాత్రం ఇంకా రాలేదు. అంటే రెండిటికీ చెడ్డ రేవడి.

భుజం ముక్క సంగతి వేరు. దాంట్లో కొలాజెన్ ఎక్కువ. గంట నుంచి గంటన్నర సన్నగా ఉడికితే అది జిలాటిన్‌గా మారి, నీరు పోయినా నోటికి మెత్తగా తగులుతుంది. టమాటా సాస్‌లో చేసే దక్షిణాది రోల్స్, రోమ్ వాళ్లు క్యారెట్, సెలరీ పుల్లలు పెట్టి చేసే ఎద్దు మాంసం రోల్స్ ఈ దారిలోవి.

కాబట్టి తొడ ముక్క అయితే 12 నిమిషాలు, భుజం అయితే 75 నిమిషాలకు తక్కువ కాదు. 20 నుంచి 45 నిమిషాల మధ్య దింపితే రెండు ముక్కలూ చెడతాయి. ఇప్పటికే 25 నిమిషాలు అయిపోయి గట్టిపడితే? ఇంకో కప్పు స్టాక్ పోసి గంట వదిలేయండి. తొడ ముక్క కూడా కొంత దారికొస్తుంది, పొడిగా ఉంటుంది కానీ కత్తికి లొంగుతుంది. చీజ్ మీద మాత్రం ఆశ వదులుకోండి.

#5 స్టుట్‌గార్ట్‌సుబ్బులు
పోగుల దిశ ఎవరూ చెప్పలేదు. ముక్కలో పోగులు ఎటు ఉన్నాయో చూసి, రోల్ పొడవునా పోగులు ఉండేట్టు చుట్టాలి. అప్పుడు పళ్లెంలో రోల్‌ని గుండ్రని బిళ్లలుగా కోస్తే కత్తి పోగులకు అడ్డంగా పడుతుంది, ప్రతి బిళ్లలో పోగు పొట్టిగా ఉంటుంది. అడ్డంగా చుట్టితే ప్రతి బిళ్ల చుట్టూ పొడవాటి పోగు తాడులా ఉంటుంది, నమిలితే సాగుతుంది.

#6 మిలానో_వంటిల్లు
సుబ్బులుగారు చెప్పింది సరైనదే, ఒక తోక ఉంది. పోగులు వేడికి పొడవులో కుంచించుకుంటాయి. మీరు చెప్పినట్టు చుట్టితే రోల్ పొట్టిదై, లోపలి సరుకుని రెండు చివరల నుంచి నెడుతుంది. అందుకే పక్కల మడత తప్పనిసరి, కూరే సరుకు రోల్‌కి 28 గ్రాములు దాటకూడదు. కసాయివాడే పోగులకు అడ్డంగా కోసి ఇస్తే ఈ గొడవే ఉండదు, పోగు ముక్క మందమంతే ఉంటుంది. ఇటలీ కసాయి దుకాణంలో "ఇన్వోల్టిని కోసం ఫెత్తీనె (పలచని ముక్కలు)" అంటే అలాగే కోస్తారు. సూపర్‌మార్కెట్ ప్యాకెట్‌లో నమ్మకం లేదు.

#7 ఉప్పుతక్కువ
కొట్టడానికి పళ్లున్న సుత్తి వాడొచ్చా? రోలుపొత్రం?

#8 పెనంమీదపని
పళ్లున్నది వద్దు. 3 మి.మీ. ముక్కకి చిల్లులు పడి చీజ్ ఆ చిల్లుల్లోంచే కారుతుంది. ఇటలీ ఇళ్లల్లో వాడే బత్తికార్నె నున్నటి గుండ్రటి లోహపు బిళ్ల, 700, 800 గ్రాముల బరువు. లేకపోతే అడుగు బరువైన చిన్న గిన్నె చాలు. పొత్రం మూతి గుండ్రం కాబట్టి గుంటలు పడతాయి, గుంట దగ్గర పలచనై చిరుగుతుంది. చపాతీ కర్రతో పక్కలకు ఒత్తినా పని జరుగుతుంది, సమయం పడుతుంది అంతే.

#9 నెమ్మదినెమ్మది
చీజ్ కారడం గురించి. మొజరెల్లానే దోషి. తాజా మొజరెల్లాలో సగానికి పైగా నీరే. ఆ నీరు ఆవిరై రోల్‌ని లోపలి నుంచి ఉబ్బించి అతుకు తెరుస్తుంది. దాని వెనకే చీజ్ బయటికి. తప్పదంటే ముందురోజే కోసి జల్లెడలో వేసి ఫ్రిజ్‌లో రాత్రంతా వడకట్టండి. స్కమోర్త్సా, ప్రోవోలా ఆరబెట్టినవి, కారవు. ఫొంతీనా చక్కగా కరుగుతుంది, కానీ రోల్‌కి 13 గ్రాములు దాటితే అదీ పారుతుంది. ఇంకో కిటుకు: చీజ్‌ని మాంసం మీద నేరుగా పెట్టకుండా ముందు హ్యామ్‌లో పొట్లం కట్టండి, ఆ పొట్లాన్ని మాంసంలో చుట్టండి. రెండు గోడలు.

#10 గరిటెరాజు
పొట్లం ఆలోచన బాగుంది. టూత్‌పిక్ అడ్డంగా గుచ్చితే పెనంలో రోల్ తిరగడం లేదు, ఒకవైపే మాడుతోంది.

#11 నెమ్మదినెమ్మది
రోల్ పొడవు వెంట గుచ్చాలి, కుట్టు వేసినట్టు: అతుకు అంచులోంచి లోపలికి, మళ్లీ బయటికి. అప్పుడు దొర్లుతుంది. విస్తరి కుట్టే ఈనెపుల్ల ఎలా వెళుతుందో అలా. రంగు వేసిన పుల్లలు వద్దు, రంగు సాస్‌లోకి దిగుతుంది. నూలు దారం ఇంకా మేలు: రెండు చివరల దగ్గర రెండు కట్లు, బిగించకుండా.

#12 బ్రెడ్డుపొడి
ఉత్తరాది గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మిలాన్ అసలు వంటకం ఒకటి చెబుతాను: మెస్సికాని. పేరుకి మెక్సికోవాళ్లు అని అర్థం, మిరపకాయ మాత్రం ఒక్కటీ ఉండదు! కూరే సరుకు: పచ్చి పోర్క్ సాసేజ్ 150 గ్రాములు (తోలు తీసి), గ్రానా పదానో చీజ్ 40 గ్రాములు, పాలల్లో నానబెట్టి పిండిన బ్రెడ్ 30 గ్రాములు, ఒక గుడ్డు పచ్చసొన, నిమ్మ తొక్క తురుము చిటికెడు, జాజికాయ. చిన్న రోల్స్ చుట్టి, రెండేసి చొప్పున మధ్యలో సేజ్ ఆకు పెట్టి పుల్లకి గుచ్చి, వెన్నలో వేయించి, మార్సాలా (సిసిలీ వైన్) లేదా వైట్ వైన్ పోస్తారు. 12 నిమిషాల్లో దింపేయొచ్చు.

#13 పెనంమీదపని
చివరి వాక్యం దగ్గర ఆగండి. పచ్చి పోర్క్ కీమా కేంద్రంలో 71 డిగ్రీలు చేరాలి. హ్యామ్, చీజ్ రోల్‌కి ఈ పట్టింపు లేదు, అక్కడ పచ్చిది బయటి మాంసమే. కీమా రోల్‌ని 12 నిమిషాల్లో దింపితే మధ్యలో 58, 60 దగ్గర ఉండిపోవచ్చు. రంగు చూసి నిర్ణయించకండి, సాసేజ్‌లో నైట్రైట్ ఉంటే ఉడికినా గులాబీగానే కనిపిస్తుంది. సూది థర్మామీటర్ చివర నుంచి పొడవునా గుచ్చి చూడండి.

#14 బ్రెడ్డుపొడి
ఒప్పుకుంటున్నాను, నిమిషాల లెక్క నాది తప్పు. సరైన దారి రెండు. ఒకటి, సాసేజ్‌ని ముందే పెనంలో పొడిపొడిగా వేయించి చల్లార్చి, తరువాత గుడ్డు, చీజ్ కలపడం. రెండోది, రోల్‌ని బొటనవేలంత లావుకి తగ్గించి, వేయించాక మూతపెట్టి సన్నటి మంట మీద థర్మామీటర్ 71 చూపేదాకా ఉంచడం. రెండోదాంట్లో మాంసం కొంచెం ఎక్కువ ఉడుకుతుంది, కానీ పాలల్లో నానిన బ్రెడ్, సాసేజ్ కొవ్వు లోపలి నుంచి తడిని ఇస్తాయి. బ్రెడ్ మానేస్తే కీమా గట్టి గోలీ అవుతుంది.

#15 స్టుట్‌గార్ట్‌సుబ్బులు
లొంబార్దీలోనే "ఉచ్చెల్లి స్కప్పాతి" కూడా ఉంది, అంటే పారిపోయిన పిట్టలు. మాంసం, పంచెత్తా (ఉప్పులో మాగిన పంది పొట్ట మాంసం), సేజ్ పుల్లకి గుచ్చి వేయిస్తారు, చూడటానికి వేటాడిన చిన్న పిట్టల్లా ఉంటాయి. పిట్టలు పారిపోయాయి, సేజ్ వాసన మిగిలింది అన్నమాట. మన గుత్తివంకాయ పేరులా ఉన్నదున్నట్టు చెప్పదు.

#16 పలెర్మోపిల్ల
సిసిలీ పద్ధతి పూర్తిగా వేరు, వైన్ లేదు, సాస్ లేదు, మైదా లేదు. 600 గ్రాముల మాంసానికి, ముక్కలు ఇంకా చిన్నవి, 40 గ్రాములవి: బ్రెడ్ పొడి 120 గ్రాములు, తురిమిన కాచోకవాల్లో లేదా పెకొరీనో చీజ్ 50 గ్రాములు, ఎండుద్రాక్ష 25, పైన్ గింజలు 25, పార్స్‌లీ గుప్పెడు, ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి 4 చెంచాల ఆలివ్ నూనెలో రంగు మారకుండా మగ్గబెట్టి.

బ్రెడ్ పొడిని ముందు ఒట్టి పెనంలో లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించాలి. పచ్చిది కూరితే మాంసం రసం పీల్చి ముద్దవుతుంది. కలిపాక చేతితో పిండితే ఉండ కట్టి, వేలితో తాకితే విరగాలి, సున్నుండ పిండి పాకంలా. విరిగిపోతుంటే ఇంకో చెంచా నూనె, నీళ్లు కాదు.

చుట్టాక నూనె రాసి, మిగిలిన పొడిలో దొర్లించి, పుల్లకి వరసగా: రోల్, ఉల్లిపాయ రేకు, బే ఆకు, మళ్లీ రోల్. ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి కాబట్టి విప్పుకునే ప్రశ్నే లేదు, టూత్‌పిక్ అక్కర్లేదు. ఓవెన్ 200 డిగ్రీలు, 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పడం. బొగ్గుల మీద ఇంకా బాగుంటుంది. మెస్సీనాలో ఎండుద్రాక్ష, పైన్ గింజలు లేకుండా వెల్లుల్లి, ప్రోవోలా వేసి ఇంకా చిన్నవి చేస్తారు.

#17 ఉప్పుతక్కువ
బే ఆకు అంటే బిర్యానీ ఆకేనా?

#18 పలెర్మోపిల్ల
కాదండీ. బిర్యానీ ఆకు దాల్చినచెక్క జాతి, పొడవునా మూడు ఈనెలు ఉంటాయి, వాసన లవంగం, దాల్చినచెక్క వైపు వెళుతుంది. సిసిలీవాళ్లది లారెల్, ఆకు మధ్య ఒకటే ఈనె. బిర్యానీ ఆకు గుచ్చితే ఎండుద్రాక్షతో కలిసి సెమియా పాయసం వాసన వస్తుంది. లారెల్ దొరకకపోతే ఆకు మానేసి నిమ్మ ముక్కలు గుచ్చండి. ఎండిన లారెల్ అయితే పావుగంట నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే గుచ్చేటప్పుడు పగిలి, ఓవెన్లో మాడుతుంది. ఇంకోటి: మన బేకరీ రస్కుల పొడి వాడకండి, అందులో చక్కెర ఉంటుంది, బయట నల్లబడుతుంది.

#19 హైదరాబాద్‌హాండీ
ఇండియాలో ఉన్నవాళ్ల సంగతేంటి? ఇక్కడ దూడ మాంసం మాటే లేదు. 1977 నాటి చట్టం ప్రకారం ఏపీలో, తెలంగాణలో ఆవుని, దూడని వధించడం నేరం. చికెన్‌తో ఇదే చేయొచ్చా? పోర్క్ హ్యామ్, వైన్ రెండూ వద్దు.

#20 మిలానో_వంటిల్లు
చేయొచ్చు, ఇటలీలోనే చికెన్, టర్కీ ఇన్వోల్టిని రోజువారీ వంట. మూడు మార్పులు. చికెన్ బ్రెస్ట్‌ని అడ్డంగా పుస్తకంలా తెరిచి కోయండి. 3 మి.మీ. దాకా కొడితే చిరుగుతుంది, 5, 6 దగ్గర ఆపండి. లోపల 74 డిగ్రీలు రావాలి, కాబట్టి స్టాక్ పోశాక మూతపెట్టి 8 నుంచి 10 నిమిషాలు.

హ్యామ్ బదులు టర్కీ హ్యామ్ సరిపోతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు పోర్క్ తినకపోతే బ్రెజావొలా చూడండి, ఎద్దు మాంసానికి ఉప్పు పట్టించి ఆరబెట్టి చేసేది, అయితే హలాల్ ముద్ర విడిగా చూసుకోవాలి. బయట చుట్టకూడదు, వేడికి అట్టలా ఎండుతుంది, లోపలే పెట్టాలి. టర్కీ హ్యామ్‌లో ఉప్పు కంపెనీని బట్టి మారుతుంది, సాస్ రుచి చూశాకే ఉప్పు.

వైన్ బదులు స్టాక్‌ని 250 మి.లీ.కి పెంచి, దింపాక నిమ్మరసం ఒక టీ చెంచా. వెనిగర్ మరిగించకండి, ఘాటు ఇంటినిండా ఉంటుంది కానీ రుచి ఉండదు. సేజ్ దొరకకపోతే రోజ్‌మెరీ సగం రెమ్మ. కరివేపాకు వేస్తే బాగానే ఉంటుంది, కానీ అది వేరే కూర.

#21 స్టుట్‌గార్ట్‌సుబ్బులు
కొనేవాళ్లకి పేర్లు. జర్మనీలో దూడ మాంసం కాల్బ్, అడగాల్సిన భాగం ఓబర్‌షాలె. "రూలాడెన్" అని రాసున్నది తీసుకోకండి, అది పెద్ద పశువు మాంసం, పెద్ద ముక్క, గంటన్నర ఉడకాలి. అమెరికాలో టాప్ రౌండ్ నుంచి కోసిన స్కాలోపీని అడగండి. ఐరోపా సమాఖ్యలో 8 నెలలలోపు పశువుకే ఇటాలియన్‌లో "వితెల్లో" అనే లేబుల్ వేయాలి, 8 నుంచి 12 నెలలలోపుది "వితెల్లోనె". రెండోది ఎర్రగా ఉంటుంది, రుచి ఎక్కువ, రెండు నిమిషాలు అదనంగా పట్టినా 63 డిగ్రీల సూత్రం అదే.

#22 నెమ్మదినెమ్మది
పేర్ల మాట వచ్చింది కాబట్టి: "బ్రచోలా" అంటే ఇటలీలో చాలాచోట్ల ఎముకతో ఉన్న చాప్. దక్షిణాదిలో, అమెరికా ఇటాలియన్ల ఇళ్లల్లో మాత్రం అదే మాట చుట్టిన రోల్‌కి. వంటకం వెతికేటప్పుడు బొమ్మ చూసి నిర్ధారించుకోండి. సాల్తింబోక్కని కూడా రోల్‌గా చూపిస్తారు, రోమ్‌లో అది చుట్టరు, హ్యామ్, సేజ్ పైన పెట్టి పుల్ల గుచ్చి పలకగానే వేయిస్తారు.

#23 గరిటెరాజు
కొత్త కొలతలతో ఫలితం: ఒక్కటీ విప్పుకోలేదు, కోస్తే రసం వచ్చింది. సాస్ మాత్రం నీళ్లగా ఉంది, పైన నూనె తేలింది.

#24 పెనంమీదపని
పెనంలో ఎనిమిదీ ఒకేసారి ఇరికించారా? అలా చేస్తే మాంసం నీరు వదిలి ఉడుకుతుంది, అడుగున గోధుమరంగు పట్టు పట్టదు, సాస్‌కి రంగూ రుచీ ఇచ్చేది ఆ పట్టే. నాన్‌స్టిక్‌లో కూడా అది సరిగా పట్టదు. నాలుగేసి వేయించి, చివర అన్నీ కలపండి.

నూనె తేలడానికి కారణం వెన్న మరుగుతున్న సాస్‌లో వేయడం. మంట ఆపి, పది సెకన్లు ఆగి, ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క వేసి పెనం ఊపాలి. విడిపోయాక కూడా బాగుచేయొచ్చు: ఒక చెంచా చల్లటి స్టాక్ వేసి జోరుగా కలిపితే మళ్లీ కలుస్తుంది. మైదా అద్ది గంట ముందే పెట్టినా ఇదే గతి, మాంసం తడికి జిగురై పెనానికే అంటుకుపోతుంది, సాస్‌కి చిక్కదనం మిగలదు.

#25 ఉప్పుతక్కువ
ముందురోజే చుట్టి పెట్టుకోవచ్చా? పక్కన ఏం వడ్డించాలి?

#26 బ్రెడ్డుపొడి
చీజ్, హ్యామ్ రోల్స్ మైదా లేకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో 24 గంటలు ఆగుతాయి. పచ్చి సాసేజ్ పెట్టినవి ఆ పూటే వండండి. పచ్చివి ఫ్రీజ్ చేయొచ్చు, విడివిడిగా గడ్డకట్టాక సంచిలో వేయండి, కరగడం ఫ్రిజ్‌లోనే. వండినవి మైక్రోవేవ్‌లో వేడి చేస్తే చీజ్ పేలుతుంది, మాంసం బిగుసుకుంటుంది. సాస్‌లో రెండు చెంచాల నీళ్లు కలిపి మూతపెట్టి సన్నటి మంట మీద.

పక్కన పొలెంతా (మొక్కజొన్న సంకటి), ఆలుగడ్డ ముద్ద, లేదా వెన్నలో మగ్గిన పచ్చి బఠానీ. సాస్‌ని అద్దుకునేది ఏదో ఒకటి ఉండాలి. అన్నంలో కలిపినా ఎవరూ పోలీసుల్ని పిలవరు.

#27 నెమ్మదినెమ్మది
వడ్డించే ముందు పుల్లలు లెక్కపెట్టండి. గుచ్చినన్ని పుల్లలు గిన్నెలోకి వచ్చాకే పళ్లెం బల్ల మీదికి. సాస్ పట్టిన పుల్ల మాంసం రంగులోకి మారిపోతుంది, కంటికి దొరకదు.